సృష్టి పక్షాన చెప్పే సాక్ష్యం: పొరపాటా, మోసమా?

హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. పాత ఆదిలాబాదు జిల్లాలో, గోదావరి లోయ రాళ్ళలో దొరికిన ఎముకలతో దాన్ని నిలబెట్టారు. అది కోట్ల సంవత్సరాల నాటిదని శాస్త్రవేత్తలు చెబుతారు. దాన్ని చూసి వచ్చిన సండే స్కూలు పిల్లవాడు, "అన్నా, భూమి పుట్టి ఆరువేల ఏళ్ళేనని మీరు చెప్పారు కదా?" అని అడిగితే టీచరు ఏమని చెప్పాలి?

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినబడతాయి. సంఘం లోపలి నుంచి వచ్చేది "సైంటిస్టులంతా దేవుడు లేడని చెప్పడానికి అబద్ధాలు కల్పించారు" అనే జవాబు. బయటి నుంచి వచ్చేది "సృష్టివాదులంతా తెలిసే జనాన్ని మోసం చేస్తున్నారు" అనే జవాబు. ఈ రెండు మాటల్లోనూ నేరారోపణ ఉంది. తోటి మనిషిని అబద్ధికుడు అనడం చిన్న మాట కాదు. అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించిన ఆజ్ఞ మన మీద మోపిన నిందకు వర్తించినట్టే మనం మోపే నిందకూ వర్తిస్తుంది. అందుకే ఈ వారం ఈ ఆరోపణను నెమ్మదిగా, ఉదాహరణలతో పరిశీలించాలని అనుకున్నాం.

ఎవరి గురించి మాట్లాడుతున్నాం?

ఆకాశాన్నీ భూమినీ దేవుడే సృజించాడని క్రైస్తవులందరమూ ఒప్పుకుంటాం. ఆ అర్థంలో మనమందరం సృష్టివాదులమే. అయితే ఆదికాండంలోని ఆరు దినాలు ఇరవై నాలుగు గంటల దినాలేననీ, భూమి వయసు ఆరువేల నుంచి పదివేల సంవత్సరాలు మాత్రమేననీ, రాతి పొరలూ శిలాజాలూ చాలావరకు నోవహు జలప్రళయంలో ఏర్పడ్డాయనీ చెప్పేవారిని యంగ్ ఎర్త్ క్రియేషనిస్టులు అంటారు. ఈ వ్యాసంలో "సృష్టివాదులు" అన్నచోటల్లా వీరే అని పాఠకులు గ్రహించాలి.

ఆరువేల ఏళ్ళ లెక్క బైబిలు వంశావళుల నుంచి వచ్చింది. ఐర్లాండులో ఆర్మా ఆర్చిబిషప్పుగా ఉన్న జేమ్స్ అషర్ 1650లో ప్రచురించిన గ్రంథంలో సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని లెక్క కట్టాడు. ఆయన కాలానికి ఆయన గొప్ప పండితుడు, తనకు అందుబాటులో ఉన్న చరిత్ర గ్రంథాలన్నిటినీ శ్రద్ధగా చదివినవాడు. ఆయనను మోసగాడనడం అన్యాయం.

ఆ లెక్కను ముందుగా ప్రశ్నించినవారిలో నాస్తికులే కాదు, దైవసేవకులు కూడా ఉన్నారు. ఆడమ్ సెడ్జ్‌విక్ ఆంగ్లికన్ గురువు, కేంబ్రిడ్జిలో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. కంకర, ఇసుక పొరలన్నీ జలప్రళయం మిగిల్చినవేనని ఆయన మొదట బోధించాడు. క్షేత్రంలో చూసిన రాళ్ళు ఆ బోధతో సరిపడలేదు. 1831లో లండన్ జియలాజికల్ సొసైటీ అధ్యక్ష స్థానం నుంచి తన పాత అభిప్రాయాన్ని బహిరంగంగా ఉపసంహరించుకున్నాడు. డార్విన్ గ్రంథం అచ్చయింది 1859లో. అంటే భూమి పాతదన్న సంగతి పరిణామ సిద్ధాంతం కోసం కల్పించినది కాదు. దానికి ఇరవై ఎనిమిది ఏళ్ళ ముందే ఒక గురువు రాళ్ళను చూసి ఒప్పుకున్న సంగతి అది.

నేటి సృష్టివాద ఉద్యమం అమెరికాలో రూపుదిద్దుకుంది. సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘానికి చెందిన జార్జ్ మెక్‌క్రెడీ ప్రైస్ 1923లో రాసిన పుస్తకంలో జలప్రళయ భూగర్భశాస్త్రాన్ని మళ్ళీ ముందుకు తెచ్చాడు. 1961లో వేదాంత పండితుడు జాన్ విట్‌కోంబ్, హైడ్రాలిక్ ఇంజినీరు హెన్రీ మోరిస్ కలిసి రాసిన "ది జెనెసిస్ ఫ్లడ్" దాన్ని ఇవాంజెలికల్ సంఘాలన్నిటికీ చేర్చింది. తరువాత ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్రియేషన్ రీసెర్చ్, ఆన్సర్స్ ఇన్ జెనెసిస్ వంటి సంస్థలు వచ్చాయి. మన ప్రసంగాల్లో, కరపత్రాల్లో, వాట్సాప్ సందేశాల్లో కనబడే వాదనలు ఎక్కువగా అక్కడినుంచి తెలుగులోకి దిగినవే.

ఆధారాల సంగతి దాచకుండా చెప్పాలి. 1956లో క్లెయిర్ పాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు సుమారు 455 కోట్ల సంవత్సరాలని తేల్చాడు. నేటి అంచనా 454 కోట్లు. వేరువేరు మూలకాలతో, వేరువేరు పద్ధతులతో చేసిన కొలతలు అక్కడికే వస్తున్నాయి. ఈ రంగంలో పనిచేసే క్రైస్తవ శాస్త్రవేత్తల్లో కూడా అత్యధికులు దీన్ని ఒప్పుకుంటారు. మరి సృష్టివాదులు చూపే ఆధారాల మాటేమిటి?

పొరపాటు, ఒప్పుకోలు

టెక్సాస్ రాష్ట్రం గ్లెన్ రోజ్ దగ్గర పలక్సీ నది అడుగున సున్నపురాయిలో డైనోసార్ల అడుగుజాడలు ఉన్నాయి. వాటి పక్కనే మనిషి పాదాల వంటి పెద్ద జాడలూ ఉన్నాయని, కాబట్టి మనిషీ డైనోసారూ ఒకే కాలంలో బ్రతికారని విట్‌కోంబ్, మోరిస్ రాశారు. 1970లలో దీనిమీద ఒక సినిమా వచ్చి అమెరికా చర్చిల్లో విస్తారంగా ప్రదర్శితమైంది.

1930ల కరువు రోజుల్లో స్థానికులు కొందరు రాళ్ళ మీద పెద్ద పాదాలు చెక్కి అమ్ముకున్నారు. అది మోసమే. అయితే అది పొట్టకూటి కోసం చేసిన మోసం, దానికీ సిద్ధాంతానికీ సంబంధం లేదు. నది అడుగున ఉన్న అసలు జాడల కథ వేరు. 1980 తరువాత గ్లెన్ కూబన్ అనే పరిశోధకుడు వాటిని ఓపికగా కొలిచాడు. డైనోసార్ మడమను కూడా నేలకు ఆనించి నడిస్తే జాడ పొడుగ్గా పడుతుంది. వేళ్ళ గుర్తుల్లో తరువాత వేరే మట్టి చేరి గట్టిపడితే మిగిలిన భాగం మనిషి పాదంలా కనబడుతుంది. ఆ పూడిన వేళ్ళు రంగు తేడాతో బయటపడ్డాయి. సృష్టివాదులు స్వయంగా వచ్చి చూశారు. 1986 జనవరిలో ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్రియేషన్ రీసెర్చ్ తరఫున జాన్ మోరిస్, ఆ జాడలను ఇక సాక్ష్యంగా వాడడం తగదని రాశాడు. సినిమా తీసినవారు దాన్ని వెనక్కి తీసుకున్నారు.

చంద్రుడి మీది దుమ్ము కథా ఇలాంటిదే. 1960లో హాన్స్ పెటర్సన్ అనే శాస్త్రవేత్త అంతరిక్షం నుంచి భూమి మీద ఏటా రాలే దుమ్ము ఎంతో అంచనా వేశాడు. ఆయన చెప్పిన గరిష్ఠ పరిమితి 1 కోటి 40 లక్షల టన్నులు. తాను సబబని తలచిన అంకె అంతకంటే చాలా తక్కువ. సృష్టివాదులు గరిష్ఠ పరిమితినే తీసుకుని, చంద్రుడు పాతవాడైతే దుమ్ము ఎంతో లోతుగా పేరుకుని ఉండాలని, అలా లేదు కాబట్టి చంద్రుడు కొత్తవాడని వాదించారు. తరువాత ఉపగ్రహాలతో చేసిన కొలతల్లో దుమ్ము అంతకంటే చాలా తక్కువని తేలింది. అయినా ఈ వాదన ఏళ్ళ తరబడి ప్రసంగాల్లో నడిచింది. చివరికి 1993లో ఆండ్రూ స్నెల్లింగ్, డేవిడ్ రష్ అనే ఇద్దరు సృష్టివాదులే లెక్కలన్నీ తిరగేసి, ఇది చెల్లదని తమ పత్రికలోనే రాశారు.

ఈ రెండు సంగతుల్లో మోసం కనబడదు. తొందరపాటు ఉంది, కావలసినది కనబడినప్పుడు కలిగే సంతోషం ఉంది. ఆలస్యంగానైనా ఒప్పుకోలు ఉంది. ఒప్పుకున్నవారిని మెచ్చుకోవాలి.

పొరపాటుకూ మోసానికీ మధ్య

అన్నీ ఇంత తేలిక కాదు. అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం 1980లో బద్దలైంది. 1986లో గట్టిపడిన లావా రాతిని స్టీవ్ ఆస్టిన్ అనే సృష్టివాద భూగర్భ శాస్త్రవేత్త పొటాషియం–ఆర్గాన్ పరీక్షకు పంపాడు. పదేళ్ళ రాతికి 3 లక్షల 50 వేల సంవత్సరాల వయసు వచ్చింది. అందులోంచి వేరుచేసిన కొన్ని ఖనిజాలకు 28 లక్షల దాకా వచ్చింది. 1996లో దీన్ని ప్రచురించి, ఈ పద్ధతినే నమ్మలేమని ఆయన చెప్పాడు. ఈ ఉదాహరణ నేటికీ మన ప్రసంగాల్లో వినబడుతుంది.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూద్దాం. పొటాషియంలో ఒక రకం చాలా మెల్లగా ఆర్గాన్ వాయువుగా మారుతుంది. ఉన్నదాంట్లో సగం తరగడానికే 125 కోట్ల సంవత్సరాలు పడుతుంది. పదేళ్ళలో పుట్టే ఆర్గాన్ దాదాపు సున్నా. లావా పైకి రాకముందే లోపల ఏర్పడిన స్ఫటికాలు తమలో ముందునుంచీ ఉన్న ఆర్గాన్‌ను కొంత మోసుకొస్తాయని భూగర్భ శాస్త్రవేత్తలకు అప్పటికే తెలుసు. అందుకే కొత్త రాళ్ళకు ఈ పరీక్షను ఆ రూపంలో వాడరు. లారీ కాటా మీద ఉంగరం పెట్టి, ముల్లు సరిగ్గా చూపలేదు కాబట్టి ఆ కాటా మీద తూచిన ధాన్యం బస్తాల లెక్కలన్నీ తప్పు అంటే ఒప్పుకుంటామా?

ఆస్టిన్ భూగర్భ శాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు, ఈ పరిమితి తెలియనివాడు కాదు. ఆయన మనసులో ఏముందో మనం తీర్పు తీర్చలేం. దాగి ఉన్న ఇబ్బందిని బయటపెడుతున్నానని ఆయన నిజంగా తలచి ఉండవచ్చు. అయితే ఉంగరం మాట చెప్పి కాటా పరిమితి మాట చెప్పకపోతే వినేవాడు తప్పుదారి పడతాడు. వేదిక మీద దీన్ని తిరిగి చెప్పేవారు ఆ పరిమితిని దాదాపు ఎన్నడూ చెప్పరు. దొంగ త్రాసు గురించి సామెతల గ్రంథం చేసిన హెచ్చరిక ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

ఇతరుల మాటలను ముక్కలు చేసి చూపడం ఇంకా పెద్ద తప్పు. కన్ను వంటి అవయవం సహజ వరణం వల్ల ఏర్పడిందనడం అసంబద్ధంగా తోస్తుందని డార్విన్ తన గ్రంథం ఆరవ అధ్యాయంలో రాశాడు. వెంటనే ఆ ఇబ్బందిని ఎలా దాటవచ్చో వివరించాడు. మొదటి వాక్యం కరపత్రాల్లోకి వచ్చింది, వివరణ రాలేదు. స్టీవెన్ జే గూల్డ్ అనే శిలాజ శాస్త్రవేత్తకూ ఇదే జరిగింది. జాతికీ జాతికీ మధ్య పరివర్తన రూపాలు అరుదని, పెద్ద వర్గాల మధ్య మాత్రం అవి విస్తారంగా ఉన్నాయని ఆయన రాశాడు. రెండో సగం వదిలేసి మొదటి సగాన్ని వాడారు. 1981లో రాసిన వ్యాసంలో ఆయన దీనికి బాధపడుతూ, వారు కావాలని చేస్తున్నారో తెలివితక్కువతనంతో చేస్తున్నారో తనకు తెలియదని అన్నాడు. అంతగా నొచ్చుకున్న మనిషి కూడా వారి మనసు తెలుసని చెప్పలేదు.

తెలిసి ఆడిన అబద్ధం

కొన్నిచోట్ల సంగతి రుజువైంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్ పట్టణ స్కూలు బోర్డు 2004లో ఇంటెలిజెంట్ డిజైన్ బోధనను బడిలోకి తెచ్చింది. ఇంటెలిజెంట్ డిజైన్, ఆరువేల ఏళ్ళ వాదం ఒకటే కాదు. కానీ ఆ నిర్ణయానికి ముందుండిన సభ్యులు మత ఉద్దేశంతోనే దాన్ని తెచ్చారని విచారణలో తేలింది. ఆ పుస్తకాలు కొనడానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదన్నట్టు వారు ప్రమాణం మీద చెప్పారు. నిజానికి ఒక సభ్యుడి చర్చిలోనే ఆ డబ్బు పోగుచేశారు. 2005 డిసెంబరు 20న తీర్పు ఇచ్చిన జడ్జి జాన్ జోన్స్, తమ విశ్వాసాన్ని గర్వంగా చాటుకున్నవారే ఉద్దేశం దాచడానికి అబద్ధమాడారని వ్యథతో రాశాడు.

ప్రమాణం చేసి, తెలిసి, లాభం కోసం నిజాన్ని దాచారు కాబట్టి అది అబద్ధమే. ఇలాంటి రుజువు ఉన్నప్పుడే ఆ మాట వాడాలని మా అభిప్రాయం.

ద్వారం దగ్గరి కావలివాడు

మరి మోసగాళ్ళు కానివారు ఇంతమంది ఇన్ని తప్పులు ఎలా తిరిగి చెబుతారు? దీనికి అందరికంటే మంచి జవాబు చెప్పినవాడు గ్లెన్ మోర్టన్. ఆయన క్రైస్తవుడు, చమురు అన్వేషణలో పనిచేసిన భూభౌతిక శాస్త్రవేత్త. ఒకప్పుడు సృష్టివాద పత్రికల్లో వ్యాసాలు రాసినవాడు. ఉద్యోగంలో ప్రతిరోజూ చూసే రాతి పొరలు జలప్రళయ సిద్ధాంతంతో ఏళ్ళ తరబడి ఢీకొన్నాయి. చివరికి ఆ వాదాన్ని వదిలాడు, విశ్వాసాన్ని వదలలేదు. తన పాత స్థితిని వివరిస్తూ, మనసు ద్వారం దగ్గర ఒక చిన్న దయ్యం కూర్చుని ఉండేదని, తన నమ్మకానికి అనుకూలమైన సంగతులను లోపలికి రానిచ్చి మిగతావాటిని ద్వారం దగ్గరే ఆపేసేదని చెప్పాడు. ఆ స్థితిలో ఉన్నవాడు అబద్ధమాడడు. అతని కంట వ్యతిరేక ఆధారం పడనే పడదు.

కొందరైతే ఆ కావలివాణ్ణి తప్పించి, ఆధారాన్ని సూటిగా చూశారు. హార్వర్డులో గూల్డ్ దగ్గరే డాక్టరేటు చేసిన కర్ట్ వైజ్ సృష్టివాది. విశ్వంలోని ఆధారాలన్నీ ఎదురు తిరిగినా వాక్యం అలా చెబుతున్నట్టు తోస్తుంది కాబట్టి తాను సృష్టివాదిగానే ఉంటానని రాశాడు. టాడ్ వుడ్ అనే మరో సృష్టివాద శాస్త్రవేత్త, పరిణామ సిద్ధాంతం కూలిపోతున్నదనే మాట నిజం కాదని, దానికి ఆధారాలు సమృద్ధిగా ఉన్నాయని 2009లో రాశాడు. ఇద్దరూ తమ నమ్మకానికి ఆధారం విశ్వాసమేనని దాచకుండా చెప్పారు. వారి ముగింపుతో మేము ఏకీభవించకపోయినా వారి నిజాయితీని గౌరవిస్తాం.

1997 నుంచి 2005 వరకు సృష్టివాదులు నడిపిన రేట్ పరిశోధన కూడా ఇలాంటిదే. నేటి వేగంతో లెక్కిస్తే 50 కోట్ల సంవత్సరాలకు పైగా పట్టేంత రేడియోధార్మిక క్షయం రాళ్ళలో జరిగిందని వారే ఒప్పుకున్నారు. ఆ క్షయం గతంలో ఎంతో వేగంగా జరిగి ఉంటుందని ప్రతిపాదించారు. అలా జరిగితే పుట్టే వేడి భూమిని కరిగించేంత ఎక్కువ. ఆ చిక్కు తమకు విడలేదనీ చెప్పారు. పరిశోధకులు ఒప్పుకున్న ఈ ఇబ్బంది ప్రసంగ వేదికల మీద మాత్రం వినబడదు. ఒప్పుకోలు పుస్తకంలోనే ఉండిపోతుంది, జయధ్వని ఒక్కటే సంఘానికి చేరుతుంది.

అవతలి పక్షం మాటేమిటి?

శాస్త్రవేత్తలు మోసం చేయరా అని పాఠకులు అడగవచ్చు. చేశారు. 1912లో ఇంగ్లండులో బయటపడిన పిల్ట్‌డౌన్ మానవుడు, మనిషి పుర్రెకు కోతి జాతి దవడ జతచేసి కల్పించిన మోసం. అది నలభై ఏళ్ళు నిలిచింది. 1953లో దాన్ని బట్టబయలు చేసినవారూ శాస్త్రవేత్తలే. అక్కడ పాపం లేదని కాదు. ఒకరి మాటను మరొకరు తూచి చూసే పద్ధతి ఉంది కాబట్టి ఎప్పటికైనా బయటపడుతుంది. ముందుగా మాట్లాడినవాని వాదం న్యాయంగా తోస్తుందని, పొరుగువాడు వచ్చి పరీక్షించేదాకానే ఆ తోపు నిలుస్తుందని సామెతల గ్రంథం 18వ అధ్యాయం మనకు ముందే నేర్పింది. బెరయ సంఘంవారు అపొస్తలుని మాటనే పరిశీలించి చూశారు. మనం ఒక వీడియోను పరిశీలించలేమా?

మన వేదికల మీద

దిద్దుబాటు వచ్చాక బాధ్యత పెరుగుతుంది. తెలియక చెప్పినది పొరపాటు. సందేహం ఉన్నా విచారించక చెప్పినది నిర్లక్ష్యం. తప్పని తెలిశాక కూడా "జనానికి మేలే కదా" అని చెబితే అది అబద్ధం. ఒక మనిషి ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు తనకే తెలియకుండా జారిపోగలడు. పక్షం దేవునిదైనా సాక్ష్యం నిజమైనదే కావాలి. దేవుని పక్షంగా అన్యాయపు మాటలు పలుకుతారా అని యోబు తన స్నేహితులను నిలదీసినది ఇందుకే.

రెండు కథలు మనకు బాగా తెలుసు. నాసా కంప్యూటర్లు యెహోషువ కాలంలో తప్పిపోయిన దినాన్ని కనుగొన్నాయన్నది ఒకటి. డార్విన్ మరణశయ్య మీద మారుమనస్సు పొందాడన్నది మరొకటి. మొదటిదానికి ఏ ఆధారమూ లేదు. రెండోది, 1882లో డార్విన్ చనిపోయిన తరువాత 1915లో అచ్చయిన కథ, ఆయన కుమార్తె హెన్రియెట్టా 1922లో దాన్ని ఖండించింది. ఈ రెంటినీ వాడవద్దని ఆన్సర్స్ ఇన్ జెనెసిస్ వంటి సృష్టివాద సంస్థలే హెచ్చరించాయి. అయినా ఇవి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

కాపరులకూ సండే స్కూలు టీచర్లకూ మా మనవి ఇది. శాస్త్రం పేరుతో ఒక మాట చెప్పే ముందు నాలుగు సంగతులు చూసుకోండి. ఆ మాట మొదట ఎవరు, ఏ సంవత్సరంలో చెప్పారు? తరువాత దాన్ని ఎవరైనా దిద్దారా? ఎవరి మాటనైనా ఉదహరిస్తే ఆయన దాని వెనుకా ముందూ ఏమన్నాడు? ఆ రంగంలో పనిచేసే విశ్వాసి మన సంఘంలో ఉంటే అతని ఎదుట ఈ మాట చెప్పగలమా? వీటికి జవాబు లేకపోతే ఆ మాట వదిలేయడమే మంచిది. పొరపాటు చెప్పామని తెలిస్తే మరుసటి ఆదివారం అదే వేదిక మీద దిద్దుకోవాలి. అందువల్ల కాపరి గౌరవం తగ్గదు.

నక్షత్రాల గురించి, భూమి గురించి అవిశ్వాసికి బాగా తెలిసిన విషయాల్లో క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి తప్పుగా మాట్లాడితే, పునరుత్థానం గురించి చెప్పినప్పుడు అతని మాట ఎవరు నమ్ముతారని 1600 ఏళ్ళ క్రితమే అగస్టీను బాధపడ్డాడు. మ్యూజియం నుంచి వచ్చిన ఆ పిల్లవాడు రేపు కాలేజీకి వెళతాడు. మనం చెప్పిన ఒక కథ తప్పని అక్కడ తేలుతుంది. అప్పుడు అతడు ఆ ఒక్క కథనే వదులుతాడా, లేక మనం చెప్పిన సువార్తను కూడా దానితోపాటు వదిలేస్తాడా అన్నది నేడు మనం అతనితో ఎంత నిజాయితీగా మాట్లాడతామన్నదాని మీద ఉంది. "భూమి వయసు గురించి విశ్వాసుల్లో రెండు అభిప్రాయాలున్నాయి నాన్నా, రాళ్ళు మాత్రం చాలా పాతవిగా కనబడుతున్నాయి. మనిద్దరం కలిసి చదువుదాం, సృష్టించినవాడు ఒక్కడే" అని చెప్పగల టీచరు ఆ పిల్లవాణ్ణి పోగొట్టుకోడు.

సత్యమునకు ప్రభువైన దేవుడు మన నోటి సాక్ష్యాన్ని కాపాడును గాక.